అమ్మాయి పురుడుకు అమెరికా: ఎన్నాళ్ళు ఉండొచ్చు?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మావారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. నాకు 57 ఏళ్ళు. అమ్మాయి, అల్లుడు డల్లాస్‌లో ఉంటారు, ఇద్దరివీ ఉద్యోగాలే. అమ్మాయికి మార్చి రెండో వారంలో డెలివరీ అన్నారు. మొదటి కాన్పు, పుట్టింటివాళ్ళం మేమే చెయ్యాలి కదా. బిడ్డకు ఏడాది నిండేదాకా ఉండమని ఫోనులో ఏడుస్తోంది. మాకిద్దరికీ పాస్‌పోర్టులు ఉన్నాయి, వీసాలు తీసుకోవాలి. బరంపురంలో ఒక ఏజెంటును అడిగితే, టూరిస్టు వీసా పదేళ్ళకు ఇస్తారు, ఎన్నాళ్ళైనా ఉండొచ్చు అన్నాడు. మనిషికి 40 వేలు కడితే గ్యారంటీ అట. ఇంటర్వ్యూలో కడుపు సంగతి ఎత్తొద్దు, నయాగరా చూడ్డానికని చెప్పమన్నాడు. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. అమ్మాయి మెట్రిక్ సర్టిఫికెట్లో నా పేరు స్పెల్లింగు వేరేగా పడింది. ఇంట్లో 82 ఏళ్ళ మా అత్తగారు ఉన్నారు. అబ్బాయి గుణుపురంలో ఇంజనీరింగు. మావారికి షుగరు, ఇన్సులిన్ వేసుకుంటారు. ఈ టెన్షన్‌తో రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. బాలింతకు పెట్టే కాయం, శొంఠి పొడి తీసుకెళ్ళనిస్తారా అన్నది కూడా చెప్పండి. – ఒక అమ్మ, పర్లాకిమిడి

సమాధానం: చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందుగా ఒక్క మాట. ఆ ఏజెంటుకు డబ్బు కట్టకండి. అడ్వాన్సు ఇచ్చి ఉంటే అడిగి వెనక్కి తీసుకోండి. వీసా ఇవ్వాలా వద్దా అని తేల్చేది కాన్సులేట్‌లో అద్దం అవతల నిలబడే ఆఫీసరు ఒక్కరే. మీ కాగితాలు ఆ రోజు ఏ ఆఫీసరు చేతికి వస్తాయో ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు బరంపురంలో కూర్చున్న మనిషి గ్యారంటీ ఎలా ఇస్తాడు? ఫారం నింపిపెట్టినందుకు ఎవరైనా కష్టానికి తగ్గ డబ్బు తీసుకుంటే తప్పు లేదు. కడుపు సంగతి దాచమనడం మాత్రం మిమ్మల్ని తీసుకెళ్ళి గోతిలో దింపడమే. వీసా కోసం కావాలని అబద్ధం చెప్పారని తేలితే, ఆ మనిషి జీవితంలో మళ్ళీ అమెరికాలో అడుగుపెట్టకుండా ఆపే సెక్షన్ ఉంది. నెలలు నిండుతున్న కూతురు డల్లాస్‌లో ఉంటే తల్లి నయాగరా చూడ్డానికి వెళ్తోందంటే ఎవరు నమ్ముతారు? సంతకం మీది, నష్టం కూడా మీదే అవుతుంది.

ఇక పదేళ్ళ సంగతి. ఈ ఒక్కటి అర్థమైతే మీ ప్రశ్నల్లో సగం తీరిపోతాయి. మన వాళ్ళకు ఇచ్చే టూరిస్టు వీసా, అంటే బి1/బి2 వీసా, మామూలుగా పదేళ్ళకే ఇస్తారు, అది నిజమే. కానీ ఆ పదేళ్ళు, అమెరికా గుమ్మం దాకా వెళ్ళి తలుపు తట్టడానికి ఉన్న గడువు. లోపల ఎన్నాళ్ళు ఉండాలన్నది మీరు విమానం దిగాక ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు రాస్తారు. దాన్ని ఐ-94 అంటారు. సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. అంటే జనవరి 20న దిగితే జూలై 19 దాకా. ఇప్పుడు అది కాగితం మీద రాదు, కంప్యూటర్లో ఉంటుంది. డల్లాస్ చేరిన మర్నాడే అమ్మాయి చేత అమెరికా కస్టమ్స్ వాళ్ళ సైటులో మీ పాస్‌పోర్టు నంబరు కొట్టించి, ఆ తేదీ ప్రింటు తీయించండి. ఒకటి ఫ్రిజ్ మీద అంటించండి, ఒకటి మీ బ్యాగులో పెట్టుకోండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే ఈ పొరపాటు నేనే చేశాను. మేము రాయగడ నుంచి మొదటిసారి న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, పాస్‌పోర్టులో వీసా తేదీ చూసుకుని ఇంకా బోలెడు ఏళ్ళుందని నిశ్చింతగా ఉన్నాం. ఒక ఆదివారం భోజనానికి వచ్చిన మావాడి స్నేహితుడు, 'ఆంటీ, మీ ఐ-94 ఎప్పటిదాకా?' అని అడిగాడు. అదేమిటో నాకు తెలియదు. మావాడికి తెలుసు కానీ చూడలేదు. అన్నం ముందు కూర్చునే ఫోనులో చూశాడు. ఇంకా పదకొండు రోజులే ఉంది. మా తిరుగు టికెట్టేమో మూడు వారాల తర్వాతది. ఆ పూట ఎవరికీ ముద్ద దిగలేదు. పెనాల్టీ కట్టి టికెట్లు మార్చుకుని, మనవడికి కొన్న గాజులు పెట్టెలో పెట్టడం కూడా మరిచిపోయి వచ్చేశాం.

ఆ తేదీ ఒక్క రోజు దాటినా చేతిలో ఉన్న పదేళ్ళ వీసా చెల్లకుండా పోతుంది. 180 రోజులు దాటి ఉండిపోతే, బయటికొచ్చాక మూడేళ్ళు మళ్ళీ రానివ్వరు. ఏడాది లేదా అంతకు మించి ఉండిపోతే పదేళ్ళు. మీకు 57. పదేళ్ళంటే మనవడు ఐదో తరగతికి వచ్చేస్తాడు.

మరి పొడిగింపు లేదా అంటే, ఉంది. అక్కడ ఉండగానే ఐ-539 అనే ఫారం పెట్టుకోవచ్చు. ఆన్‌లైన్లో 420 డాలర్లు, కాగితం మీదైతే 470. ఐ-94 తేదీ లోపే వెయ్యాలి, కనీసం 45 రోజుల ముందు వెయ్యమని అక్కడి ఇమ్మిగ్రేషన్ శాఖే చెబుతుంది. ఇస్తే మామూలుగా ఇంకో ఆరు నెలలు. టైములో వేసి ఉంటే జవాబు వచ్చేదాకా అక్కడ ఉండటం నేరం కాదు. కాదన్నారో, వెంటనే బయల్దేరాలి. ఆ జవాబు నెలల తరబడి రాకపోవడం మామూలే. ఉండాలో కట్టుకోవాలో తెలియక పెట్టెలు సగం సర్ది పెట్టుకున్న వాళ్ళను చూశాను. అందుకే నా సలహా, పొడిగింపును లెక్కలో వేసుకుని వెళ్ళకండి. అమ్మాయికి ఆపరేషన్ అయి కోలుకోకపోతేనో, బిడ్డ ఆస్పత్రిలో ఉంటేనో, డాక్టరు కాగితం జతచేసి అడగడానికి దాన్ని అట్టిపెట్టుకోండి. నిజమైన కారణం ఉన్నప్పుడు అడిగితే మళ్ళీ వెళ్ళినప్పుడు కూడా తల ఎత్తుకుని చెప్పుకోవచ్చు.

కాబట్టి ఏడాది మాట మనసులోంచి తీసెయ్యండి. ఐదు నెలలకు ప్లాన్ చెయ్యండి. నేనైతే ఇలా చేస్తాను: ఫిబ్రవరి మధ్యలో ఇద్దరూ కలిసి వెళ్ళండి. డెలివరీ, పురుడు, బారసాల అన్నీ మీవారు కూడా కళ్ళారా చూస్తారు. ఏప్రిల్ మధ్యలో ఆయన తిరిగి వచ్చేస్తారు. మీరు జూలై రెండో వారం దాకా ఉండండి, నెల రోజులు చేతిలో మిగిలి ఉంటాయి. అత్తగారి దగ్గర ఆ రెండు నెలలూ ఎవరుంటారో ఇప్పుడే మాట్లాడుకోండి. ఆడపడుచును అడగడానికి మొహమాటపడకండి, కన్నతల్లే కదా. 82 ఏళ్ళ మనిషిని ఐదు నెలలు పక్కింటివాళ్ళ మీద వదిలి ఇద్దరూ వెళ్ళడం నాకు మనసొప్పదు. మీకూ ఒప్పదు, ఉత్తరంలో ఆవిడ ప్రస్తావన తెచ్చారంటేనే తెలుస్తోంది.

మీరు వచ్చేశాక వియ్యపురాలు వెళ్ళేలా అల్లుడు గారితో చెప్పించండి. చాలా ఇళ్ళలో ఇప్పుడు ఇలాగే జరుగుతోంది, పురుడు అమ్మమ్మది, అన్నప్రాశన నానమ్మది. మీరు మళ్ళీ వెళ్ళడానికి ఇన్నాళ్ళు ఆగాలని రాతపూర్వకంగా రూలేమీ లేదు. అయినా అక్కడ ఉన్నన్ని నెలలకు తక్కువ కాకుండా ఇక్కడ ఉండి వెళ్ళడం మంచిది. ఐదు నెలలుండి వచ్చి, రెండు నెలలకే మళ్ళీ దిగితే, అసలు కాపురం ఎక్కడ అని ఎయిర్‌పోర్టులో అడుగుతారు.

అమ్మాయికి కూడా ఒక మాట చెప్పాలి, ఈ జవాబు ఆవిడకూ చదివి వినిపించండి. తల్లీ, నీ భయం నాకు తెలుసు. మొదటి బిడ్డ, దేశం కాని దేశం. కానీ నువ్వు ఉద్యోగానికి వెళ్ళిపోతే అమ్మ ఏడాది పాటు బిడ్డను పెంచాలి అన్నది నీ ఆలోచనైతే, టూరిస్టు వీసా అందుకోసం ఇచ్చేది కాదు. అక్కడి చట్టం ప్రకారం పెద్ద కంపెనీల్లో ఏడాది సర్వీసు నిండినవాళ్ళకు 12 వారాల సెలవు దొరుకుతుంది, జీతం ఉండకపోవచ్చు. అంటే నువ్వు జూన్‌లో ఆఫీసుకు వెళ్తావు. అమ్మ జూలైలో బయల్దేరుతుంది. మధ్యలో నాలుగైదు వారాలు. బిడ్డను డేకేర్‌కు అలవాటు చెయ్యడానికి ఆ వారాలు వాడుకో. మంచి డేకేర్లలో ముందుగా పేరు రాయించాలి, కడుపుతో ఉన్నప్పుడే రాయించు.

ఇదే ఇంటర్వ్యూ దగ్గరికీ వస్తుంది. మనం ఇంట్లో 'మనవడిని చూసుకోవడానికి వెళ్తున్నాం' అంటాం. ఆ మాటలో ప్రేమ తప్ప వేరే అర్థం ఉండదు. కానీ ఆ 'చూసుకోవడం' ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి ఆయా పని అయిపోతుంది. టూరిస్టు వీసా మీద వెళ్ళి పని చెయ్యకూడదు, జీతం తీసుకోకపోయినా అది పనే అని ఆఫీసరు అనుకోవచ్చు. ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయిన వీసాల గురించి చాలామంది దగ్గర విన్నాను. అలాగని దాచక్కర్లేదు. మీరు నిజంగా వెళ్ళేది ఎందుకు? అమ్మాయి కాన్పు సమయానికి పక్కన ఉండాలని, మనవడినో మనవరాలినో చూడాలని, ఎత్తుకోవాలని. అదే చెప్పండి. 'మా అమ్మాయికి మార్చిలో డెలివరీ. మొదటి బిడ్డ. అమ్మాయి దగ్గర ఉండటానికి వెళ్తున్నాం. నేను ఐదు నెలలు ఉంటాను, మావారు రెండు నెలలు ఉండి వస్తారు.' ఇంతే. ఇందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఆఫీసరు కావాలంటే ఇంకా అడుగుతారు, అడిగినదానికే జవాబు చెప్పండి.

అడిగేవి కూడా చిన్నచిన్నవే. అల్లుడు ఏం చేస్తారు, ఖర్చు ఎవరు పెడతారు, ఇంట్లో ఇంకెవరున్నారు, ఇంతకుముందు ఏ దేశమైనా వెళ్ళారా. చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. హైదరాబాద్‌లో తెలుగులో మాట్లాడొచ్చు. ఏ భాష కావాలని అడిగితే తెలుగు అనండి. రాని ఇంగ్లీషులో తడబడటం కన్నా మన మాటలో స్పష్టంగా చెప్పడం నయం. పుస్తకంలో ఉన్నట్టు బట్టీ పట్టకండి, వంటింట్లో పక్కింటావిడతో చెప్పినట్టు చెప్పండి. జనం మాట్లాడే తెలుగుకే పట్టం కట్టాలని గిడుగు రామమూర్తి పంతులు గారు పోరాడింది మీ పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే కదా. ఆ ఊరి మనిషి వాడుక తెలుగులో మాట్లాడటానికి జంకడమేమిటి?

మీరు తిరిగి వస్తారన్న నమ్మకం కలగడమే వాళ్ళకు ముఖ్యం. అమెరికా చట్టం ప్రకారం వీసా అడిగే ప్రతి ఒక్కరూ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నారనే ముందు అనుకుంటారు, కాదని నమ్మించాల్సింది మనమే. దానికి మీ దగ్గర ఉన్నవి తక్కువేమీ కాదు. పెన్షన్, సొంత ఇల్లు ఉంటే ఇల్లు, చదువుకుంటున్న కొడుకు, మంచం పక్కన మనిషి కావలసిన అత్తగారు. ఇన్ని ఉన్న ఇల్లాలు ఎక్కడికి పోతుంది? అల్లుడి జీతం కాగితాలు, ఇన్విటేషన్ లెటర్ తీసుకెళ్తే తీసుకెళ్ళండి, అవి తప్పనిసరి కాదు. వాళ్ళు చూసేది పిలిచినవాళ్ళ స్తోమత కన్నా మీకు ఇక్కడ పాతుకున్న వేళ్ళను. పెన్షన్ ఆర్డరు, బ్యాంకు పాస్‌బుక్కు, భూమి ఉంటే దాని హక్కు కాగితం ఖతియాన్ ఒక ఫైల్లో పెట్టుకోండి. ఖతియాన్ ఒడియాలో ఉందని తర్జుమాకు వేలు పోయకండి. చాలామందిని ఫైలు తెరవమని కూడా అడగరు.

వీసా రాకపోతే కుంగిపోవద్దు. అప్పీలు ఉండదు, ఫీజు తిరిగి రాదు, కానీ మళ్ళీ అప్లై చెయ్యొచ్చు. తర్వాతిసారి 'ఇంతకుముందు రిఫ్యూజ్ అయిందా' అన్న ప్రశ్నకు అయిందనే రాయాలి.

పేరు గొడవకు వస్తాను. సరిహద్దు ఊళ్ళలో మనకు ఇది తప్పడం లేదు. మనం ఇంటిపేరు ముందు పెడతాం, ఇక్కడి ఆఫీసుల్లో చివర అడుగుతారు, రాసే గుమాస్తాకు ఏది ఏదో తెలియక ఒక గడి ఖాళీగా వదిలేస్తాడు. మీ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా రెండో గడిలో ఉంటే, వీసా ఫారంలో ఆ పేరంతా సర్‌నేమ్ గడిలో రాయాలి. గివెన్ నేమ్ గడిలో ఎఫ్, ఎన్, యు అని మూడు అక్షరాలు కొట్టాలి, మొదటి పేరు తెలియదని దాని అర్థం. వీసా మీద కూడా అలాగే వస్తుంది, కంగారు పడకండి. విమానం టికెట్టు పేరు పాస్‌పోర్టుకూ వీసాకూ సరిపోవాలి కాబట్టి, కొనేముందు ఎయిర్‌లైన్స్‌ను అడిగి ఎలా రాయాలో తెలుసుకోండి. తొందర లేనివాళ్ళకైతే పాస్‌పోర్టులో ఇంటిపేరు చేర్పించుకున్నాకే వీసాకు వెళ్ళమంటాను. మీకు మార్చి గడువుంది, ఉన్నదానితోనే వెళ్ళండి. వచ్చాక తీరిగ్గా మార్పించుకోండి.

అమ్మాయి సర్టిఫికెట్లో స్పెల్లింగు అంటారా, పేరులో 'క్ష' ఉంటే ఒడిశాలో చాలాచోట్ల ఎక్స్ అక్షరం వేస్తారు, మన వాళ్ళేమో కె, ఎస్, హెచ్ వేస్తారు. మా ఇంట్లో కూడా ఇదే తంతు. వీసా ఫారం అమ్మాయి మెట్రిక్ సర్టిఫికెట్ అడగదు, ఇంటర్వ్యూలో కూడా అడగగా నేను వినలేదు. మనశ్శాంతి కోసం కావాలంటే ఇద్దరూ ఒకరేనని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించి ఫైల్లో పడెయ్యండి.

ఇక చెయ్యాల్సిన పనులు. ఫారం పేరు డిఎస్-160, ఆన్‌లైన్లో నింపాలి, ఇద్దరికీ విడివిడిగా. ఆదివారం అబ్బాయి గుణుపురం నుంచి రాగానే పక్కన కూర్చుని నింపించండి. ప్రతి ప్రశ్న మీకు తెలుగులో చెప్పి, మీరు చెప్పిన జవాబే రాయమనండి. సుమారు ఇరవై నిమిషాలు కదపకుండా వదిలేస్తే పేజీ పోతుంది, అందుకని మొదట్లోనే వచ్చే అప్లికేషన్ ఐడీని నోటుబుక్కులో రాసుకోండి. గత ఐదేళ్ళలో వాడిన ఫేస్‌బుక్ లాంటి వాటి పేర్లు అడుగుతుంది, ఉన్నవి రాయండి. ఫారం నింపడంలో ఎవరైనా సాయం చేశారా అని చివర్లో అడుగుతుంది, అబ్బాయి పేరు రాయండి. ఫొటో రెండంగుళాల చదరం, తెల్ల బ్యాక్‌గ్రౌండ్, కళ్ళజోడు తీసి. ఫీజు మనిషికి 185 డాలర్లు, 2023 జూన్ నుంచి ఇది. వీటిని మారుస్తూ ఉంటారు కనుక కట్టే రోజు అధికారిక సైటులో చూసి కట్టండి.

ఇది ఈ వారమే మొదలుపెట్టాలి. అపాయింట్‌మెంట్లకు నెలల తరబడి ఆగాల్సి రావచ్చు. అత్యవసరం కింద ముందుకు జరపమని అడిగే వీలు ఉంది కానీ, గర్భిణిగా ఉన్న బంధువుకు సాయం కోసం అంటే దానికి ఒప్పుకోరు. పెళ్ళిళ్ళతో పాటు దీన్ని కూడా వాళ్ళు ఆ జాబితాలోంచి తీసేశారు. కాబట్టి దొరికిన తేదీ ముందు బుక్ చేసి పెట్టుకోండి, తర్వాత ఖాళీలు వస్తే ముందుకు జరుపుకోవచ్చు. కాకపోతే ఊరికే మార్చుకుంటూ పోకండి, దానికి పరిమితి ఉంది.

ఒడిశావాళ్ళు కలకత్తా వెళ్ళాలని కొందరు చెబుతారు. కాదు. ఒడిశా హైదరాబాద్ కాన్సులేట్ కిందే ఉంది, ఆంధ్ర, తెలంగాణలతో పాటు. పలాస దాకా బస్సులో వెళ్ళి విశాఖ ఎక్స్‌ప్రెస్సో, ఫలక్‌నుమానో ఎక్కితే సికింద్రాబాద్. వేలిముద్రలు, ఫొటో తీసే సెంటరు వేరు, ఇంటర్వ్యూ జరిగే కాన్సులేట్ వేరు. అది నానక్‌రామ్‌గూడలో, 2023 మార్చి నుంచి కొత్త భవనంలో ఉంది. రెండింటికీ రెండు అపాయింట్‌మెంట్లు, ముందు వేలిముద్రలు. రెండూ పక్కపక్క రోజుల్లో వచ్చేలా చూసుకోండి, మళ్ళీ మళ్ళీ రైలు టికెట్ల ఖర్చు తప్పుతుంది. కాన్సులేట్ లోపలికి ఫోన్లు తేనివ్వరు. బస చేసిన చోటే ఫోను వదిలి, ఫైలు ఒక్కటే పట్టుకుని వెళ్ళండి. మీవారు ఇన్సులిన్ వేసుకుంటారు కనుక పొద్దున టిఫిను మానకండి, లైను ఎంతసేపు పడుతుందో చెప్పలేం.

షుగరు గురించి జాగ్రత్తగా వినండి. అమెరికాలో ఆస్పత్రి బిల్లు మన పెన్షన్లతో తీరేది కాదు. విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకోకుండా మీవారిని విమానం ఎక్కించకండి. వాటిలో రెండు రకాలుంటాయి. ఒకటి, ఒక్కో చికిత్సకు ఇంతే అని లెక్కకట్టి ఇచ్చేది. ప్రీమియం చవగ్గా ఉంటుంది, బిల్లులో చాలాభాగం మన నెత్తినే పడుతుంది. రెండోది కాంప్రెహెన్సివ్, మన వాటా కొంత కట్టాక మిగతాది చాలావరకు వాళ్ళు కడతారు. రెండోదే తీసుకోమనండి. అప్పటికే ఉన్న జబ్బుకు మామూలు చెకప్పులు, మందులు చాలా ప్లాన్లు ఇవ్వవు. ఆ జబ్బు హఠాత్తుగా ముదిరితే మాత్రం ఇచ్చే ప్లాన్లు ఉన్నాయి, ఆ షరతు ఉందో లేదో అల్లుడు గారిని చదివి చూడమనండి. ఉండే నెలలన్నిటికీ సరిపడా మందులు ఇక్కడే కొనుక్కోండి. డాక్టరు గారి చేత మందుల అసలు పేర్లతో ఇంగ్లీషులో టైపు చేయించిన చీటీ తీసుకోండి. ఇన్సులిన్, సూదులు చేతి సంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెలో పెడితే విమానం అడుగున గడ్డకట్టవచ్చు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

టికెట్లు బుక్ చేసేటప్పుడు ఇద్దరికీ వీల్‌చైర్ అడగమనండి. డబ్బు తీసుకోరు. నడవగలం కదా అని మొహమాటపడొద్దు, విమానం మారే చోట దారి చూపించే మనిషి దొరకడమే దాని అసలు లాభం. జూలైలో మీరు ఒంటరిగా వస్తారు, అప్పుడు దాని విలువ తెలుస్తుంది.

మీవారి పెన్షన్‌కు ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా. నేను చెప్పినట్టు వెళ్ళొస్తే అది అడ్డు రాదు. ఏడాది ఉండిపోయి ఉంటే అదొక తలనొప్పి అయ్యేది.

ఇక కాయం. ఈ ప్రశ్న చివర్లో అడిగారు కానీ, మీ మనసు ఎక్కువగా దీని మీదే ఉందని నాకు అనిపించింది. తీసుకెళ్ళండి. కాయం ముద్ద, శొంఠి, మిరియాల పొడి, వెల్లుల్లి కారం, చింతకాయ పచ్చడి విడివిడిగా గట్టి ప్యాకెట్లలో కట్టి, పైన ఇంగ్లీషులో ఏమిటో రాసి, పెద్ద పెట్టెలో పెట్టండి. దిగాక తినేవి ఉన్నాయా అని అడిగితే ఉన్నాయని చెప్పండి. చెప్పి చూపిస్తే, మహా అయితే ఒకటి తీసి పక్కన పడేస్తారు. లేవని చెప్పి దొరికితే జరిమానా వేస్తారు. పచ్చి కరివేపాకు, పళ్ళు, విత్తనాలు, బియ్యం, మాంసం వేసిన పచ్చళ్ళు మాత్రం పెట్టకండి. కరివేపాకు లేకుండా కారప్పొడి ఎలా అంటారేమో, ఆకు ఇక్కడే బాగా వేయించి పొడిలో కలిపేసుకోండి.

కాయం అమ్మాయికి పెట్టేముందు అక్కడి డాక్టరును ఒకసారి అడగమనండి, పాలిచ్చే తల్లి కదా. ఇంకా పెట్టెలో చోటుంటే పాత నూలు చీరలు ఒక నాలుగు, బాగా ఉతికి మెత్తబడ్డవి పెట్టుకోండి. పసిబిడ్డ కింద పరచడానికి అంత మెత్తని గుడ్డ అక్కడ ఏ షాపులోనూ దొరకలేదు నాకు.